వెనకమనిషి

పుష్యమాసం, రెండో శనివారం.
ఎర్రగుంట్లలో పదకొండుమందిమి బస్సెక్కినాము.
మా సంఘానికి బోర్డు లేదు.
ఒక క్యారమ్స్ బల్ల, ఒక రసీదు పుస్తకం,
తాళంచెవి పోయిన ఇనప్పెట్టె.
మనిషికి నూటిరవై. ఎలీషా ఇంకా ఇయ్యాల.

నాకు అప్పజెప్పిన పని వెనక నడవడం.
ముందు నడిచే సుంకన్నకు దావ తెలుసు,
నాకు వీపులు తెలుసు.
నీళ్ళ క్యాను ఎప్పుడు భుజం మారిందో,
ఎవరి చెప్పు తెగిందో,
ఎవరు మాట్లాడడం మానేసినారో.

కింద నుంచి చూస్తే ఎర్రమల పడుకున్న ఎనుము.
ఎక్కుతుంటే మాత్రం
పొర మీద పొర, పొర మీద పొర,
ఎవరో పేర్చి మరిచిపోయిన నాపరాళ్ళ దొంతి.
మాలో ఏడుగురం ఆ రాయి మీదే బతుకుతాం.
కోసేది, అరగదీసేది, లారీకెత్తేది.
అడుగుల లెక్కన తప్ప దాన్ని ఎన్నడూ చూడలేదు.
"ఈ బండ ఎన్నడుగులుంటాది మామా?" అన్నాడు ఓబులేసు.
ఎవరూ కొలవలేదు.
దాని మీద కూర్చుని బొరుగులు తిన్నాము.

మూడో మలుపు దాటినాక దస్తగిరి వీపు పొట్టిదయింది.
పందొమ్మిదేళ్ళు వానికి. పాలిషు మిషను దగ్గర నాలుగేళ్ళు.
దగ్గు వచ్చినప్పుడల్లా
ఏదో పిట్టను చూస్తున్నట్టు తల తిప్పుకునేవాడు.
ఆ కొండలో అన్ని పిట్టలు లేవు.

నేను పిలవలేదు. పిలిస్తే వాడు పరిగెత్తుతాడు.
ముందర మునెమ్మ ఆగింది, కాల్లో ముల్లని.
బూట్లేసుకున్న కాల్లో ముల్లేందో ఎవరూ అడగలేదు.
ఎలీషా సంచి దించి ఊరిమిండి డబ్బా మూత చూసుకున్నాడు,
మళ్ళా చూసుకున్నాడు.
సుంకన్న, అంత దావ తెలిసిన సుంకన్న,
"దావ తప్పినట్టుందప్పా, ఈడనే ఉందాం" అన్నాడు.
పైన శిఖరం తొంగి చూస్తానే ఉంది,
చెయ్యి చాపితే అందేంత అబద్ధంగా.

రాత్రి సలి ఎట్లుండిందంటే
మంట వైపు ముఖం కాలుతుంటే
వీపు మీద ఎవరో తడిగోనె పరిచినట్టు.
కొర్రబువ్వ, ఊరిమిండి, సగం మాడిన చెనిక్కాయలు.
ఓబులేసు దెయ్యం కథ మొదలుపెట్టి
వానికే భయమేసి ఆపినాడు.
ఆడపిల్లలకు మూడు ఇయ్యంగా
ఎనిమిదిమందికి ఆరు దుప్పట్లు,
ఎవరి కాళ్ళు ఎవరివో తెలీదు.
అందరూ నిద్రపోయినాక
దగ్గుకూ దగ్గుకూ నడుమ ఎంతసేపో లెక్కబెట్టినాను.

తెల్లారేసరికి లోయ లేదు.
పొగగొట్టాలు లేవు, రైలుకట్ట లేదు, మా ఊరు లేదు.
తెల్లగా, నిండుగా, అంచుదాకా.
దస్తగిరి అందరికంటే ముందు లేచి
బండ చివర కూర్చోనున్నాడు.
రెప్పల మీద, మీసమని వాడు చెప్పుకునే
ఆ నాలుగెంట్రుకల మీద తెలుపు.
నాకు గుండె జారింది. ఈడికి కూడా వచ్చిందా దుమ్ము?
వాడు అలవాటుగా మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు.
చొక్కా చేతిని చూసుకున్నాడు.
"తడిగా ఉందన్నా" అన్నాడు.
మళ్ళీ తుడుచుకోలేదు.

శిఖరానికి ఎవరూ పోలేదు.
దిగేటప్పుడు వాణ్ణి వెనక నడవమన్నాను,
వీపులు చూసుకోమని.
పది వీపులు. అందులో నాదొకటి.
నా సంచి ఎడమ భుజానికి మారిందని
రెండుసార్లు గట్టిగా చెప్పినాడు,
నడుమ ఒకసారి దగ్గి.

సోమవారం పొద్దున్నే షిఫ్టు.
ఆదివారం రాత్రి రసీదు పుస్తకం ముందేసుకుని రాసినాను:
బస్సు రానుపోను, బొరుగులు నలభై, అగ్గిపెట్టెలు రెండు.
మునెమ్మ ముల్లుకు ఖర్చేమీ లేదు.
ఎలీషా, నూటిరవై, బాకీ.