కాయ కొట్టకుండా

మూడేళ్ల లోపు కొడితే నీళ్లేనమ్మా, అన్నారు
బులిరాజు మాస్టారు.
ఏజెన్సీ వాళ్లావిడ పేరున, తొక్కే సైకిలు మాత్రం ఆయనది.
అంబాజీపేట రోడ్డు మీద మా పీచు పాక ముందు
డొక్కల కుప్ప మీద కూర్చుని
నాలుగో ఏట మీగడ కడుతుందన్నారు,
పదేళ్లు దాటితే ముదురు కొబ్బరి,
అప్పుడింక కాయ కొట్టకుండానే
కొబ్బరి తినొచ్చు సువార్తమ్మా, అన్నారు.

హోల్ లైఫ్ అంట.
నేను పోతేగాని పండని కాయ.
చచ్చాక వచ్చేదానికి బతికుండగా కడుతుందని
మా ఆడపడుచు పాకంతా వినపడేలా నవ్వింది.
నేనూ నవ్వాను. కట్టాను.
బాండు పేపరు బియ్యం డబ్బాలో, బియ్యం కింద.

పన్నెండో ఏట తాడు పేనే మిషనుకి మోటారు కాలిపోయింది.

అంతకుముందైతే తాతబ్బాయి గారి అరుగు.
ఎందుకని అడుగుతారాయన,
చెప్తే, అదెందుకని అడుగుతారు.
కారణం వెనక కారణం లాగి లాగి
మన ఇంట్లో వండుకునే కూర దాకా వస్తారు.
అప్పుడు నూటికి మూడు అంటారు.

ఈసారి అమలాపురం బస్సెక్కాను.
నా చావుని తీసి కౌంటరు మీద పెట్టాను.
గుమాస్తా తిరగేసి చూశాడు,
వెనక పేజీలో సంతకం పెట్టించాడు,
ముద్ర కొట్టి బీరువాలో పెట్టుకున్నాడు.
వారంలో డబ్బు పడింది. మోటారు తిరిగింది.

వడ్డీ ఆరు నెలలకోసారి.
అసలెప్పుడు కడతావని ఎవరూ అడగరు.
అదేనండి ప్రమాదం.
మురుగుకాలవలో గుర్రపుడెక్క చూశారా,
మొదట ఊదారంగు పువ్వు, ముచ్చటగానే ఉంటుంది.
రెండు వానలకి కింద నీళ్లున్నాయన్న సంగతే తెలీదు.
ఒక ఏడు వడ్డీ ఎగ్గొట్టాను.
అప్పు పెరిగి విలువని మింగితే
పాలసీయే ఉండదని కాయితం వచ్చింది.
ఆ రాత్రి రెండు లోడ్ల పీచు అయినకాడికి అమ్మేశాను.

ఎవరికి వాళ్లే బ్యాంకు అవ్వొచ్చని
మొన్న ఒక టై కట్టిన కుర్రాడు బోర్డు మీద రాసి చూపించాడు.
బ్యాంకంటే ఏంటి బాబూ,
కట్టనివాడి ఇంటికి మనిషిని పంపేది.
నేను నా ఇంటికి నన్నే పంపాలి.

పంపాను.
ప్రతి శనివారం కూలీలిచ్చాక
చెప్పులేసుకుని బయటికెళ్లి నా తలుపు నేనే కొట్టేదాన్ని.
సువార్తమ్మా, వాయిదా.
ఈ వారం సరుకు కదల్లేదండి.
ఆ మాటలొద్దు.
లోపలికొచ్చి హార్లిక్స్ సీసాలో వేసేదాన్ని.
మా చెల్లి ఎస్తేరు చూసి
దీపం పెద్దది చేసి నా మొహంలోకి చూసింది.

ఎస్తేరే నామినీ.
అప్పుండగా నేను పోతే దానికొచ్చే దాంట్లో కోస్తారు.
ఇన్నేళ్లూ నా డబ్బే నేను వాడుకుంటున్నాననుకున్నాను.
తీసింది దాని కంచంలోంచి, దానికి చెప్పకుండా.

చెప్పాను.
ఎంత మిగులుతుందని అడిగింది.
వేళ్ల మీద లెక్కేసుకుంది, మళ్లీ వేసుకుంది.
సరే, మిషను ఇంకోటి కూడా తియ్యి,
దాని కూలి నాకు రాయి, అంది.

రెండో అప్పుకి ఇద్దరం కలిసెళ్లాం.
మూడోసారి మా బాత్రూముకి, నేనొక్కదాన్నే.
బస్సులో దారంతా సాధన చేశాను,
ఎందుకంటే ఏం చెప్పాలో,
ఆడవాళ్లం చీకటి పడేదాకా ఎలా ఆగుతున్నామో,
ఎస్తేరు మోకాలు, గట్టు మీద పాము,
ఎక్కడా గొంతు వణక్కుండా.

ఫారంలో పేరు, నంబరు, ఎంత కావాలి, సంతకం.
ఎందుకన్న గడి లేదు.

గుమాస్తా కాయితం లాక్కున్నాక కూడా
కాసేపు అక్కడే నిలబడ్డాను.
ఇంకేమన్నా కావాలా అమ్మా, అన్నాడు.
లేదండి, అన్నాను.