మెయిలు దాటేదాకా

బిట్రగుంట లోకో షెడ్డు వెనక
ఇంజన్లు కక్కిన నుసి పోసి
రోలరు తిప్పి చదును చేసిన నేల అది.
ఏ వానకీ గడ్డి మొలవలేదు.
అక్కడ పడ్డవాడి మోకాట్లో నల్ల రవ్వ ఒకటి దిగిపోయేది,
కడిగితే పోదు, గిల్లితే రాదు.
మా నాయన ఎడమ మోకాలి మీద ఏడు.
పలకా బలపం కంటే ముందు
వాటి మీదే నేను అంకెలు నేర్చుకుంది.

క్లబ్బు పేరు స్టీమ్ స్టార్స్.
పెట్టినాయన ఓస్వాల్డ్ దొర. దొరంటే తెల్లదొరేం కాదు,
వాళ్ళ అవ్వది తుమ్మలపెంట పట్టపుపాళెం.
కోపమొస్తే ఇంగ్లీషు, గోలు పడితే తెలుగు.
బాయిలరు గొట్టాలే గోలు కంబాలు.
వల అవ్వగారి ఊరి నించే వచ్చింది, వాసనతో సహా.
గోలీ కాలేషా, ఫైర్‌మన్, అనేవాడంట:
"బంతొచ్చినా రాకపోయినా
ఈడ నిలబడితే నాకు ఆకలవతాది దొరా!"

మా నాయన మాల్యాద్రి, కాల్‌బాయ్.
అర్ధరాత్రి లాంతరు పట్టుకుని
క్వార్టర్ల తలుపులు కొట్టి డ్రైవర్లని లేపే పని.
కుక్కలు తరిమి తరిమి నేర్పిన పరుగు
అందుకే లెఫ్ట్ వింగ్ ఇచ్చినారు.

జట్టులో ఎవరికీ చేతిగడియారం లేదు.
మద్రాసు మెయిలు దాటితే హాఫ్ టైం.
అదీ రూలు.

గూడూరు మైకా కంపెనీ వాళ్ళతో ఫైనలు నాడు
మెయిలు గంటన్నర లేటు.
ఆడతానే ఉండారు.
నాలుగు నాలుగు, ఆరు ఆరు,
షోడాబండి ఖాళీ అయిపోయి ఇంటికి పోయింది,
గూడూరోళ్ళు "ఇదేం న్యాయమబ్బయా" అని అరిచినా
ఓస్వాల్డ్ దొర రూలు పుస్తకం తెరిచినాడు
(అందులో ఆ రూలు ఆయన పెన్సిలుతో రాసిందే).

ఆఖరికి వచ్చింది మెయిలు.
నడిపేది మన హాఫ్‌బ్యాకు నరసింగరావే.
సగం ఒళ్ళు బయట పెట్టి
"ఎంతరా?" అని కేకేసినాడు.
నాయన పరుగు ఆపి, వేళ్ళెత్తి చూపిస్తుంటే
ఆయన కాళ్ళ మధ్య నించే పోయింది బంతి.
ఏడు. గూడూరికి.
గార్డు పెట్టె ఇంకా దాటలేదు కాబట్టి
గోలు చెల్లుద్దన్నారు.
మా అమ్మ బతికున్నన్నాళ్ళూ
పప్పులో ఉప్పెక్కువైందంటే చాలు
నాయన ముందు ఏడు వేళ్ళు చూపించేది.

అప్పటికే చీకటి పడింది.
రెండో సగం వచ్చే ఆదివారం అనుకున్నారు.
వచ్చే ఆదివారం తుపాను.
ఆ పైవారం గూడూరోళ్ళు రాలేదు.
ఆ తర్వాత డీజిలొచ్చింది.

నుసి పోసే ఇంజను లేదు,
ముందు ఫైర్‌మన్లని పంపేసినారు, తర్వాత పారలని.
ఓస్వాల్డ్ దొర పెరంబూరులో చెల్లెలి దగ్గరికి పోతా
మినిట్సు పుస్తకం నాయన చేతిలో పెట్టినాడు.
ఆఖరి పేజీలో ఒక్కటే తీర్మానం:
కొత్త బ్లాడరు కొనవలెను, పన్నెండు రూపాయలు.
సంతకాలు పదకొండు.
డబ్బులు ఎవరిస్తారో రాయలేదు.

ఆ సంవత్సరమే మైదానంలో
మొదటిసారి గడ్డి మొలిచింది.
పచ్చగా, సిగ్గులేకుండా,
బర్రెలకి పండగ.
ఒక వైపు కంబాలు పాత ఇనుములోకి పోయినాయి.
రెండో వైపు ఒకటి నిలబడి ఉంది,
దానికెవరో డిష్ యాంటెన్నా బిగించినారు.

నేనిప్పుడు కావలిలో టిక్కెట్లిస్తా.
బిట్రగుంటకి అడిగేవాళ్ళు తక్కువ,
అడిగితే చిల్లర చూసి ఇస్తా.

మొన్న ఆషాఢంలో నాయన పోయినాడు.
నీళ్ళు పోసేటప్పుడు కాలేషా మామ వచ్చినాడు,
చూపు ఆనదు, వేలితో తడిమినాడు మోకాలు.
"ఎన్నిమ్మా?"
ఏడు, అన్నా, చూడకుండానే.
మామ మళ్ళీ తడిమి తల అడ్డంగా ఊపినాడు.
వంగి చూస్తే ఎనిమిది.

నేను లెక్క నేర్చినాక పడిందది.
ఎప్పుడు పడ్డాడో,
గడ్డి కింద ఇంకా నుసి ఉందని
ఎట్టా తెలిసిందో.