తువ్వాలు కింది చదువు

చిత్తూరు మామిడి మండీలో
తువ్వాలు కింద వేళ్లు పట్టుకోని
రేటు చదివేటోడు మా నాయన.
నాకబ్బిన చదువు అదొక్కటే.

లాడ్జి పైగదిలో టోర్నమెంటు, ఇంక ఆరుమందిమి.
నా చేతిలో ఇస్పేటు రాణి, ఆటీను రాణి.
బల్లమీద ఒక్క ముక్కా తెరవకముందే
దొరసామి బిళ్లలన్నీ ముందుకు తోసేసినాడు.

మొగం చూడను,
అది అబద్ధాలకు ఎప్పుడో మరిగింది.
బొటనవేలు చూస్తా.
చేతిలో ఏమీ లేనప్పుడు
ఉంగరాన్ని తిప్పతా ఉంటాది.
ఈసారి కదల్లా,
కాయ బరువుకు వంగి నిలిచిన కొమ్మ మాదిరి.

రాణుల్ని బోర్లా పడేసినా.

టీ తాగేదానికి మెట్లు దిగతా
ఆయనే అనె:
"ఎంట్రీ ఫీజుకని ఉంగరం
పొద్దున్నే కుదవబెట్టేస్తి అబ్బయా,
వేలు ఉత్తగా ఉంటే ఏమో మాదిరుండాది."