కురుమూర్తి ఫోల్డరు

పాలమూరు న్యూటౌన్ల, విత్తనాల దుకాణం మీద మా ఆఫీసు.
మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన,
ఎక్కినంక నాలుగు కంప్యూటర్ల వేడి.
మార్కెట్ యార్డుకు పల్లికాయ తూకం లెక్కలు
రాసిపెట్టుడు మా పని.

తూకం లైబ్రరీ మొదట రాసింది కురుమూర్తి.
రాసి, దాని దారిని ప్రాజెక్టు ఫైల్ల
ఉలితో చెక్కినట్టు చెక్కి పోయిండు:
డి డ్రైవు, కురుమూర్తి, కొత్త ఫోల్డరు,
కొత్త ఫోల్డరు రెండు, తూకం, అసలుది.

ఆయన గద్వాలల బ్యాంకు కొలువుకు పోయి మూడేండ్లు.
ఇప్పటికీ మా దగ్గర ఎవరు చేరినా
మొదటిరోజు డి డ్రైవు మీద
కురుమూర్తి పేరున ఒక ఇల్లు కట్టాలె,
అర్రల అర్ర, దాంట్ల ఇంకో అర్ర.
కడితేనే బిల్డు నడుస్తది.
ఎందుకని ఎవ్వరం అడగలే.
పీర్ల చావిడి ముందట చెప్పులిడిచినట్టు
అలవాటుగ చేసినం.

నవనీత లాప్‌టాప్‌ల డి డ్రైవే లేదు.
పద్నాలుగు ఎర్రగీతలు.
రెఫరెన్సు దొరకలేదు, దొరకలేదు, దొరకలేదు.
"పార్టిషన్ చేద్దాం తియ్" అన్న.
"పోయినాయన అడ్రసు కోసం
నా జాగ నేనెందుకు చీల్చాలన్నా?"

ఆమెది ఎర్రగుంటపల్లి.
అంటే, రెండు ఎర్రగుంటపల్లులు.
ఒకటి రిజర్వాయర్ కింద,
ఎండకాలం నీళ్లు గుంజితే బడి స్లాబు తేలుతదంట.
ఒకటి రోడ్డు మీద, వరుసకు ఇరవై ఇండ్లు,
అన్నిటికీ ఒక్కతీరు నీలం తలుపులు.
కండక్టరు మాత్రం ఒక్క పేరే అరుస్తడు.
ఎక్కడ ఆపాల్నో డ్రైవరుకు ఎరుకే.

ఇక్కడ గూడ అదే చేసింది.
చెక్కిన దారిని చెరిపేసి
ఆ జాగల ఒక్క పేరు పెట్టింది: తూకం ఇల్లు.
ముందట డాలరు గుర్తు, చుట్టూ బ్రాకెట్లు.
"ఇగ ఎవరి మిషన్ల వాళ్లు
ఇల్లు యాడున్నదో సెట్టింగుల రాసుకోండ్రి.
ప్రాజెక్టుకు పేరు తెలిస్తె చాలు."
నాది ఈ డ్రైవు. ఆమెది సి.
యార్డుల కాంటా పక్కన దుమ్ముకొట్టుకున్న డబ్బాది
ఏ అక్షరమో, పోయి చూసి రావాలె.

రాసిన. బిల్డు నొక్కిన.
మళ్ల పద్నాలుగు ఎర్రగీతలు.
నవనీత నవ్వింది.
"ఎడిటరు బంద్ చేసి తెరువన్నా.
నడుస్తున్నదానికి కొత్త ఇల్లు తెల్వదు.
లేచినప్పుడు ఏది చూసిందో అదే పట్టుకొని ఉంటది."
కొంచెంసేపు కీబోర్డు మీది దుమ్ము ఊది,
"మా బర్రె గూడ గంతే" అన్నది.
కాలనీకి తోలుకొచ్చినంక
తాడు తెంపుకొని పాత బాటనే పట్టిందంట.
మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి
ఎటు పోవాల్నో తెల్వక అరిసిందంట.
మూడుసార్లు.
నాలుగోసారికి గట్టి తాడు తెచ్చిన్రు.

నేనేం అనలే.
ఎడిటరు బంద్ చేసిన. తెరిచిన.
బిల్డు అయింది.

అందరు దిగిపోయినంక
ఇగ కురుమూర్తి ఇల్లు కూలగొడదామని కూసున్న.
నాది ఒకప్పుడు ఆయన కూసున్న మిషనే,
అందరివి నకళ్లు, ఇది మాత్రం ఆయన కట్టుకున్నదే.
తీసేసే ముందట ఊకెనే ఒకసారి లోపలికి పోయిన.
కొత్త ఫోల్డరు రెండుల, ఒక మూలకు
నోట్‌ప్యాడ్ ఫైలు, మూడు వరుసలు:

చాయ్ బాకీ నూట నలబై.
తేమ ఎనిమిది దాటితే రెండుసార్లు కోత పడుతున్నది.
రేపు సరిచెయ్యాలె.

కోడు తెరిచిన. కోత వరుస కాడికి దిగిన.
ఒకటి. దాని కింద ఇంకొకటి.
అట్లనే ఉన్నది.

మూడు సీజన్లు.
ఎన్ని బస్తాలు, ఎవరెవరివి,
ఏ చీటీ పట్టుకొని మెట్లు దిగి పోయిన్రో.
ఈ ఇంటికి ఇంతమందిమి దారి ఏసినం,
లోపలికి పోయి చూసినోళ్లం లేము.

ఫోల్డరు తీసెయ్యలే.
లైటు ఏసుకొని మళ్ల కూసున్న.
తెల్లారి ఐదింటికే యార్డుకు బండ్లొస్తయి.