కింది తీగలు

ఫెర్రీ కింది అంతస్తులో, ఇంజన్ల పక్కన
ముప్పై ఒక్క ఏళ్ళుగా నిలబడి ఉన్నాడు తోర్గైర్.
చెవి డాక్టరు గీసిచ్చిన గీత
కొంతదూరం బాగానే నడిచి
ఉన్నట్టుండి ఫియోర్డ్‌లోకి దూకేసింది.
పిట్టల కూత పోయింది. కెటిల్ ఈల పోయింది.
మనవరాలి మాటల్లో 'స'లన్నీ పోయాయి.

అలాంటివాడు వచ్చి
నా కెఫే కౌంటర్ మీద మోచేతులు ఆన్చి
"సున్నివా, షూర్ ఫిడేలు కావాలి.
నలిపిన ఫైలు కాదు, మొత్తం కావాలి.
డబ్బు కట్టే కొంటాను" అన్నాడు.

అట్లు తిరగేస్తూనే నవ్వాను.
నూనె మరకల అతని ఫోన్‌లో
ఆ వాయింపు పదిహేనేళ్ళుగా ఉంది,
ఎవరో ఎక్కడో కాజేసి ఇంకెవరికో ఇస్తే
చేతులు మారి మారి అరిగిన నాణెంలా.

హార్డాంగర్ ఫిడేలుకి పైన నాలుగు తీగలు,
కింద ఇంకో ఐదు.
కింది వాటిని కమాను ముట్టదు.
ముందుగదిలో ఎవరో మాట్లాడుకుంటుంటే
పక్కగదిలో నిద్రపట్టనివాళ్ళు ఊఁ కొట్టినట్టు
అవి వాటంతటవే మోగుతాయి.
ఫైలుని చిన్నది చేసేవాడు
ముందుగా పారేసేది ఆ 'ఊఁ'లనే.

సరే, రాత్రి డ్యూటీల్లో వెతకడం మొదలుపెట్టాను.
ఒక దుకాణం, మీ దేశంలో అమ్మం, అంది.
వాయించినవాడిదే ఈ దేశం అని ఎవరికి చెప్పను?
ఇంకోటి నెలనెలా అద్దెకి వినమంది,
కొనడమన్న మాటే దానికి తెలియదు.
మరోచోట బంగారు రంగు ముద్ర, 'స్టూడియో నాణ్యత' అని.
నూట తొంభై క్రోనర్లు కట్టి దించి చూస్తే
పదహారు వేల హెర్ట్జ్ దగ్గర కొడవలి పెట్టి కోసినట్టు
గడ్డి అంతా ఒకటే ఎత్తు.
పాత ఎంపీత్రీకే పెద్ద కోటు తొడిగి అమ్మారు.
ఆ డబ్బు కోసం ఎన్ని ఉత్తరాలు రాశానో
అది వేరే కథ, ఇంకా పూర్తికాలేదు.

ఉచితంగా ఇచ్చేవాళ్ళకి మాత్రం కొదవ లేదు.
మేనల్లుడు ఐవిన్ ఒక్క నిమిషంలో లింకు పంపాడు.
తెరవలేదు. నీతి అనుకోకండి.
కాఫీ అమ్ముకుని బతికేదాన్ని,
'రేపిస్తా' అని వెళ్ళినవాళ్ళ ముఖాలు
నాకు గుర్తుండిపోతాయి.

రికార్డు కంపెనీ ఎప్పుడో దివాలా తీసింది.
దాని హక్కులు ఒక తాళ్ళ కంపెనీ చేతికి,
అక్కణ్ణించి ఎటో.
పన్నెండో ఫోన్‌కి తెలిసింది,
షూర్ ఒప్పందం చివర, చిన్న అక్షరాల్లో:
కంపెనీ మూతపడితే టేపులు ఇంటికి.

ఇంట్లో ఓస్లౌగ్ ఉంది, వోస్ ఊరికి పైన, ఎనభై రెండేళ్ళు.
టేపులు బంగాళాదుంపల కొట్లో,
చలి ఏడాదంతా ఒకేలా ఉండే మూల.
లైబ్రరీ కుర్రాడు వాటిని ఎక్కించి పెట్టాడట
ఇరవై నాలుగు బిట్లలో, ఏదీ కొయ్యకుండా.
"కొంటామని అడిగినవాళ్ళలో నువ్వు నాలుగోదానివి" అంది.
"నూట ఇరవై పంపు. రసీదు చేత్తో రాస్తాను.
ఫైళ్ళు మనవడు శుక్రవారం పంపుతాడు,
గొర్రెల పని అయ్యాక."

శుక్రవారం రాలేదు. సోమవారం వచ్చాయి.
ఒకటిన్నర గిగాబైట్లు. ఫెర్రీ వైఫైలో
అవి దిగేసరికి ఆరుసార్లు ఒడ్డు మార్చాం.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు తోర్గైర్.
నేను ముందే విన్నాను, ఎక్కడ ఏముందో తెలుసు:
కుర్చీ కిర్రుమనడం, షూర్ మడమ దెబ్బ,
కమాను ఎత్తేశాక కూడా
మూడు సెకన్లపాటు ఆగని కింది తీగలు.
అతని ముఖంలో ఆ మూడు సెకన్లు
ఏమీ కదల్లేదు.

"ఆ చివరిది నీకు వినిపించలేదు కదా" అన్నాను, ఆపుకోలేక.
"లేదు."
"మరి పాతదానికీ దీనికీ..."
అట్టు తుంచుకున్నాడు. లోపల గోధుమరంగు చీజ్ కరుగుతోంది.
"నాకు వినపడనిది కూడా అందులో ఉండాలి.
షూర్ దాన్నీ వాయించాడుగా."

ఓస్లౌగ్ రసీదు ఆ తర్వాతి వారం పోస్టులో వచ్చింది.
నీలి సిరా, వణికిన గీతలు:
ఫిడేలు ఒకటి, తీగలు తొమ్మిది,
నూట ఇరవై క్రోనర్లు.
ముట్టింది.