ఐదు బస్తాలు

ఎర్ర దీపం. పక్కన రెండు ముక్కలు: హై సాల్ట్.
డబ్బా పని మానేసింది. చుక్క క్లోరిన్ లేదు.
సల్వాలో, ఆగస్టు పదకొండు గంటల ఎండలో
ఉమ్ ఫైసల్ ఇంటి ఈతకొలను
పెసరకట్టు రంగుకి తిరుగుతోంది.

ముందు డబ్బానే అనుమానించాను,
మా పనిలో అది ఆనవాయితీ.
తీగ ఊడదీసి, తుడిచి, బిగించాను.
స్విచ్ ఆపి, ఇరవై అంకెలు లెక్కపెట్టి, వేశాను.
అదే దీపం.
సెల్ విప్పి వెలుతురుకి ఎత్తి చూశాను:
పోయిన వారమే యాసిడ్ నీళ్ళలో కడిగిన పలకలు
తోమిన పెళ్ళిగిన్నెల్లా ఉన్నాయి.

ఇక కాగితపు పట్టీ ముంచాను.
తెల్లటి మొన పైకి పాకి, పాకి
ఐదువేల నాలుగువందల దగ్గర ఆగింది.
ఉండాల్సింది మూడువేల నాలుగువందలు.
డబ్బా అబద్ధమాడలేదు.

జనవరిలో ఆడింది.
అప్పుడు నీళ్ళు జిల్లుమంటున్నాయి, పలకల నిండా సున్నపు పెచ్చు,
'ఉప్పు తక్కువ' అంది.
సంచిలో పట్టీలు అయిపోయాయి,
చూడాల్సిన ఇళ్ళు ఇంకా నాలుగున్నాయి,
వ్యాన్‌లో బస్తాలున్నాయి.
పాతిక కేజీలవి, ఐదు,
ఒకదాని తర్వాత ఒకటి కోసి పోశాను.

వంగి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసేది.
చినగంజాం ఉప్పు కొఠార్లలో తొమ్మిదేళ్ళు
గొర్రు లాగినవాణ్ణి.
ఏ మడి రేపటికి పేరుకుంటుందో
ఏది ఇంకా రెండెండలు అడుగుతుందో
వేలు ముంచి చెప్పేవాణ్ణి.
నీళ్ళు ఎండకి పోతాయి, ఉప్పు ఉండిపోతుంది:
అక్కడ మాకది కూలి.
ఇక్కడికొచ్చాక నాలుకని
అన్నానికీ, సలాములకీ అట్టేపెట్టాను.

వంటింటి గుమ్మంలోంచి నూకరత్నం నవ్వింది:
"పులుసులో ఎక్కువైతే ఒక బంగాళాదుంప పడేస్తాను.
దీనికెన్ని బస్తాలు ఉడకెయ్యమంటావు?"
దుంపలు కాదు తల్లీ, మూడో వంతు పారబోయాలి.
వేరే మందు లేదు.

ఉమ్ ఫైసల్ నీడలోనే నిలబడి అడిగింది,
ఎవరు పోశారని.
రఫీకుల్ పేరు పళ్ళ దాకా వచ్చింది.
మార్చిలో వీసా రద్దయి వెళ్ళిపోయాడు,
లేనివాడి పేరు తేలిక,
ఎంత బరువైనా మోస్తుంది.
"అనా" అన్నాను.
నేను అనడానికి అరబ్బీలో చాలా పొట్టి మాట,
ఆపుకునేలోపే బయటపడింది.
టాంకరు డబ్బు పదిహేను దినార్లు
ఈ నెల జీతంలోంచి.

పైపు గేటు బయటికి లాగుతుంటే నూకరత్నం పరుగెత్తుకొచ్చింది.
పెయింటు డబ్బాలో ఆమె గోంగూర
సరిగ్గా నీళ్ళు పోయే దారిలో ఉంది.
ఇద్దరం చెరో చెయ్యేసి గోడవారకి జరిపాం.
అంత ఎండలోనూ దానికి మూడు కొత్తాకులు.

సాయంత్రానికి టాంకరొచ్చింది.
ఇదే సముద్రపు నీళ్ళు,
ఎక్కడో పెద్ద కార్ఖానాలో ఉప్పు తీసేసి పంపినవి.
తీసేవాళ్ళు తీస్తారు, మేం మళ్ళీ పోస్తాం,
అందరికీ జీతాలే.

రాత్రి తొమ్మిదింటికి ఆకుపచ్చ దీపం వెలిగింది.
ఎవరూ చూడట్లేదని చూసుకుని
వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాను.
మూడువేల ఏడువందలు, అనుకున్నాను.
పట్టీ మూడువేల నాలుగువందలంది.

మూడువందలు తేడా.
వచ్చే వారం మళ్ళీ చూస్తాను.