కొలతల బుక్కు

మనామల, బాబ్ అల్ బహ్రెయిన్ ఎనుక గల్లీల
రెండు మిషన్లు పట్టే కొట్టు నాది.
లైసెన్సు కఫీలుది, బోర్డు మీద పేరు నాది.
గామె ఆ బోర్డు సదివి "రాయేశం" అన్నది.
"రాజేశమమ్మా" అంటే
"మా దిక్కు ఆ అచ్చరాన్ని 'య' అనే అంటం" అని నవ్వింది.
పదకొండేండ్లు నేను రాయేశాన్నే.

బుక్కుల పేజి:
ఎనబై రెండు, అక్టోబరు. మేడమ్ రోస్విత. హోటల్ల పాట.
ఛాతి ముప్పయారు, నడుము ఇరవై ఎనిమిది,
ఎడమ భుజం అరంగుళం కిందికి.
ఎందుకని దర్జీ అడుగడు, ప్యాడు పెడ్తడు.

పచ్చ సాటిన్ గౌను, వీపు మీద ఇరవై రెండు గుండీలు.
లోపటి కుట్టును గోరుతోటి తిప్పి సూసింది,
మిగులుబట్ట ఎంత ఇడిసిన్నో అని.
గట్ల సూసేది నేతపని ఇంటోల్లే.
"మీ అమ్మ ఏం జేస్తుండె?"
"మేజోళ్ల మిల్లుల పని. కెమ్నిట్స్."
"మా నాయిన మరమగ్గం. సిరిసిల్ల."
ఆ సప్పుడు ఇన్నట్టే ఇద్దరం జరసేపు ఊకున్నం.

గుండుసూదులు నా నోట్లె ఉన్నప్పుడే మాట్లాడేది,
జవాబు రాదని ధైర్యం.
పందొమ్మిదేండ్లకు నాటకాల కంపెనీ.
సినిమాల మొదలు ట్రాము కండక్టరు, తర్వాత నర్సు,
ఆ తర్వాత మల్లొక నర్సు.
ఒక్కదాంట్ల హీరోయిను, పడవ నడిపే పిల్ల.
సరిహద్దు దాటి ఇవతలి జర్మనీకి అచ్చినంక
ఆ సినిమాను అట్లనే ఆడిచ్చిండ్రట,
పేరు మాత్రం కుట్టు ఇప్పినట్టు ఇప్పేసిండ్రట.
"దారం ఆనవాలు సుత లేకుంట, రాయేశం. ఎవడో మంచి పనోడు."
ఇవతల యాస ఇని నవ్విండ్రు.
ఇంకోల్ల మొహాలకు గొంతు అరువిచ్చింది,
ఓడల మీద పాడింది, ఓడ ఇక్కడ దించింది.

ఒక్కసారే ఇన్న ఆమె పాట.
గౌను అర్జెంటని తీస్కపోతే
వంటింటి తలుపు కాడ నిలవెట్టిండ్రు.
నూనె సప్పుడు, పళ్లాల సప్పుడు, నడుమ ఆ గొంతు.
పోగు తెగితే మా నాయిన
సూడకుండనే ఏలితోటి ముడేసేటోడు,
గట్ల పట్టుకున్నది తెగబోయే రాగాన్ని.
మాట ఒక్కటి తెల్వదు నాకు.
బల్లల కాడోల్లు రొయ్యలు ఒలుసుకుంటున్నరు.

నడుము ముప్పై. ముప్పై ఒకటిన్నర. ముప్పై మూడు.
కుట్టు ఇప్పినప్పుడల్లా
"లోపట ఇంకెంతున్నది?" అని అడిగేది,
బ్యాంకుల పైసలు అడిగినట్టు.

తొంబైల వాళ్ల ఊరికి పాత పేరు మల్ల పెట్టిండ్రని
పేపరు ముక్క తెచ్చి సూపిచ్చింది.
పోతవా అంటే
"నర్సు ఏషానికి ముసల్దాన్నయిన" అన్నది.

తొంబై ఒకటి జనవరి, సైరను.
షట్టరు దించి బట్టల బల్ల కిందికి దూరినం.
నాకు వణుకు. ఆమె నా చెయ్యి పట్టుకొని
వాళ్ల భాషల అంకెలు లెక్కవెట్టింది.
ఏడేండ్లప్పుడు, బాంబుల రాత్రి, నేలమాళిగల
వాళ్లమ్మ చెప్పిందట:
నూరు దాకా లెక్కవెట్టు, నూటొకటి అంటే బతికినట్టే.
ఆ రాత్రి నాకు జర్మను నూటొకటి దాకా అచ్చింది.
ఇప్పుడు ఇరవై దాటితే యాదికి లేదు.
"ఎడమ భుజం?" అని అప్పుడడిగిన.
"గోడ" అన్నది.
ఏ గోడనో అడగలే.

తొంబై మూడుల హోటలోల్లు కొత్త బ్యాండును పెట్టుకున్నరు.
బాకీ మూడు దినార్లు కట్టి పోయింది,
ఎటనేది చెప్పలే.

కిందటి వారం మనీలా పిల్ల ఒకతి
ఆ పచ్చ గౌను సంకల వెట్టుకొని అచ్చింది.
హోటల్ బీరువల దొరికిందట, నడుము ఇరవయ్యారు చెయ్యాల్నట.
తిరగేసిన. ఇప్పిన కుట్లన్నిటి సూది తొవ్వలు
వరుసగ, అన్నీ నావే.
"ఎక్కువున్నది కత్తిరించెయ్" అన్నది.
కత్తెర తీసిన. మల్ల పెట్టిన.
బట్టంత లోపటికి మడిచి
పైకి ఆనకుండ కుట్టిన.
ఎడమ భుజం ప్యాడు ఇప్పి
గల్ల డ్రాయర్ల ఏసుకున్న.